చెప్పరాని కథ: తెలుగు అద్భుత కథనంలో గోప్యత – కళాపూర్ణోదయం నుంచి వీడియో గేమ్ దాకా

వ్యాస సంగ్రహం

అద్భుత ప్రధానమైన రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌ను ఏ వివరమూ ముందుగా తెలుసుకోకుండా ఆడాలన్న నియమం నేటి యువతరంలో బలంగా ఉంది. ముందుగా రహస్యం వెల్లడించే మాటను వారు ‘స్పాయిలర్’ అంటున్నారు. ఈ నియమానికి తెలుగు కథన చరిత్రలో పూర్వరూపాలున్నాయా, ఉంటే రహస్యాన్ని కాపాడే బాధ్యత ఏయే కాలాల్లో ఎవరిపై ఉండింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కళాపూర్ణోదయం, కాశీమజిలీ కథలు, చందమామ ధారావాహికలు, పాతాళభైరవి ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: అద్భుతరసం, ఉత్పాద్య ఇతివృత్తం, కళాపూర్ణోదయం, చందమామ, పాటల పుస్తకం, వీడియో గేమ్, స్పాయిలర్.

ఉపోద్ఘాతం

పరిశోధన వ్యాసానికి ముందు సంగ్రహం రాయడం మన పద్ధతి. ఈ విషయంపై రాసే వ్యాసానికి ఆ పద్ధతి కొంత ఇబ్బందికరమే. తేలవలసినదాన్ని తేలకముందే చెప్పమని అది అడుగుతుంది. అందుకే పై సంగ్రహంలో ప్రశ్నలను మాత్రమే ఉంచాను. మరొక విన్నపం కూడా ఉంది. కళాపూర్ణోదయాన్ని ఇంకా చదవనివారు ఈ పత్రిక పాఠకుల్లో తక్కువే ఉండవచ్చు. ఉన్నట్లయితే, వారు ముందుగా కావ్యం చదివి తర్వాత ఈ వ్యాసానికి రావడం మేలు.

ఈ ఆలోచనకు కారణం ఒక వేసవి. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లిలో సెలవులు గడుపుతున్నప్పుడు, మా చిన్నాన్న కుమారుడి కంప్యూటర్‌పై ‘ఎల్డెన్ రింగ్’ అనే గేమ్ ఆడాను. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరిలో దాన్ని విడుదల చేసింది. ఆట మొదలుపెట్టే ముందు తమ్ముడు ఒక్కటే షరతు పెట్టాడు: “అన్నా, నువ్వు ఫోన్‌ల వెతికినవంటే ఆట బంద్.” ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి షరతు పాటించడం కష్టం కాలేదు. పగలు జలాశయం ఒడ్డున నడక, రాత్రి ఆట. దాదాపు నెల రోజులు అలా సాగింది.

ఆ ఆట తొలి ప్రాంతం పేరు లిమ్‌గ్రేవ్. అక్కడ ఒక సరస్సు, సరస్సులో శిథిలాలు, శిథిలాల కింద నేలమాళిగ, అందులో ఒక పెట్టె ఉంటాయి. పెట్టె తెరవగానే పొగ కమ్ముకుంటుంది. కళ్లు తెరిచేసరికి ఎక్కడో దూరాన, మనకంటే ఎన్నో రెట్లు బలమైన శత్రువులున్న ఒక గనిలో ఉంటాం. బయటికి దారి వెతుక్కునేదాకా వెనక్కి వచ్చే ఉపాయం ఉండదు. నేను ఆ గనిలో ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు. తమ్ముడికి ఆ పెట్టె సంగతి ముందే తెలుసు. పక్కనే కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు, ముఖంలో మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. తెలిసీ చెప్పకపోవడంలో అతనికున్న శ్రద్ధ నాకు పింగళి సూరనను గుర్తు చేసింది.

మాట పుట్టుక

‘స్పాయిలర్’ అనే మాట ఈ అర్థంలో పాతది కాదు. 1971 ఏప్రిల్‌లో అమెరికా హాస్యపత్రిక ‘నేషనల్ లాంపూన్’ అదే శీర్షికతో, ప్రసిద్ధ సినిమాల, నవలల రహస్యాలన్నీ బయటపెట్టే వ్యంగ్య రచనను ప్రచురించింది. 1980ల తొలినాళ్లలో యూజ్‌నెట్ చర్చావేదికల్లో ఆ మాట స్థిరపడింది. రహస్యం చెప్పదలచినవారు ప్రతి అక్షరాన్నీ 13 స్థానాలు ముందుకు జరిపి రాసేవారు. చదవదలచినవారు శ్రమపడి విప్పుకోవాలి. కంప్యూటర్ ఆటల సంస్థ ఇన్ఫోకామ్ అదే దశాబ్దంలో అదృశ్య సిరాతో అచ్చయిన సూచనల పుస్తకాలు అమ్మింది. ప్రత్యేకమైన కలంతో రుద్దితేనే జవాబు కనిపించేది. 1987లో వచ్చిన ‘నెట్‌హ్యాక్’ అనే మాయాగుహల ఆటలో, సూచనల పత్రాలేవీ చదవకుండా గెలిచినవారికి తోటి ఆటగాళ్లలో విశేష గౌరవం ఉండేది. వీటన్నిటిలోనూ గమనించవలసింది ఒకటే: సమాచారం అందుబాటులో ఉంటుంది, దాన్ని విప్పాలా వద్దా అన్న నిర్ణయం పాఠకుడిది, ఆటగాడిది.

తెలిసిన కథ, తెలియని కథ

మన సాహిత్యంలో అధికభాగం తెలిసిన కథే. ఒగ్గు కథ వినడానికి కూర్చున్నవారికి మల్లన్న ఏం చేస్తాడో ముందే తెలుసు. రామాయణ హరికథలో రావణుడు చస్తాడా లేదా అని ఎవరూ ఆందోళన పడరు. అక్కడ ఆసక్తి ‘ఏమవుతుంది’ అన్నదానిపై ఉండదు, ‘ఎలా చెబుతాడు’ అన్నదానిపై ఉంటుంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియేగో ప్రాంగణానికి చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 12 కథలతో చేసిన ప్రయోగాల్లో, ముగింపు ముందే చెప్పినా పాఠకుల ఆనందం తగ్గలేదని, కొంత పెరిగిందని తేలింది. ఆ ఫలితం చూసి పాశ్చాత్య పత్రికలు ఆశ్చర్యపోయాయి. మన హరిదాసుకు అందులో కొత్తేమీ ఉండదు.

అయితే అలంకారశాస్త్రం ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించింది. ఈ విభజనను మనం సాధారణంగా ‘మూలం ఎక్కడిది’ అన్న ప్రశ్నకు జవాబుగానే బోధిస్తాం. దీన్ని శ్రోత వైపు నుంచి కూడా చూడవచ్చునని నా ప్రతిపాదన. ప్రఖ్యాతంలో శ్రోతకు ముగింపు తెలుసు. ఉత్పాద్యంలో తెలియదు. కనుక ఉత్పాద్య కవికి ఒక అదనపు పని ఉంది. ఏది ఎప్పుడు చెప్పాలో, ఏది ఎంతసేపు దాచాలో అతడు నిర్ణయించుకోవాలి. నాట్యశాస్త్రం నిర్వహణసంధిలో అద్భుతరసం ఉండాలని చెప్పింది. అద్భుతానికి స్థాయిభావం విస్మయం. ముందే తెలిసినదానిపై విస్మయం కలిగించడం అసాధ్యమని కాదు గానీ, దానికి వేరే శిల్పం కావాలి.

కళాపూర్ణోదయం: నిషేధమే ఇతివృత్తం

16వ శతాబ్ది కవి పింగళి సూరన కళాపూర్ణోదయంలో కథను దాచడం అనే పనిని కథలోకే తెచ్చాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దాన్ని ఆంగ్లంలోకి అనువదించినప్పుడు, ‘ఎన్నడూ చెప్పకూడని కథ’ అన్న అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టారు. నాకు తెలిసినంతలో ఈ కావ్యంపై వచ్చిన అతి క్లుప్తమైన, అతి సరైన విమర్శ ఆ ఉపశీర్షికే.

కావ్యారంభంలో ద్వారక ఉంది. కలభాషిణి ఉద్యానంలో ఉయ్యాల ఊగుతుంటుంది. నారదుడు, అతని శిష్యుడు మణికంధరుడు, ఆకాశంలో విమానంపై రంభానలకూబరులు – అందరూ ఒకే చోటికి చేరతారు. రంభ మాటల్లో కళాపూర్ణుడి కథ ప్రస్తావన దొర్లుతుంది. కానీ ఆ కథ చెప్పడానికి మాత్రం వీల్లేదు. పాఠకుడికి దక్కేది ఒక పేరు, ఒక నిషేధం. కావ్యం పేరులో ఉన్న నాయకుడు ఎవరో తెలియకుండానే మనం ఆశ్వాసాలు దాటుతాం. మధ్యలో సంగీత స్పర్ధ, మారురూపాల గందరగోళం, ఇద్దరు రంభలు, మృగేంద్రవాహన గుడి, మణిస్తంభుడు, సుముఖాసత్తి వస్తూ పోతూ ఉంటారు. వీరిలో ఎవరు ఎందుకు వచ్చారో తొలి పఠనంలో తెలియదు. తెలియకూడదు కూడా.

రహస్యం విడిపోయే పద్ధతి మరింత విచిత్రం. కళాపూర్ణుడి కథను బ్రహ్మ ఒకప్పుడు సరస్వతికి చెప్పాడు. చెప్పేనాటికి అందులోని మనుషులు పుట్టలేదు. అంటే అది గతంలో చెప్పిన భవిష్యత్తు. దాన్ని కళాపూర్ణుడి సమక్షంలో వెల్లడించేది ఒక పసిబిడ్డ, మధురలాలస. ఆమె పూర్వజన్మలో కలభాషిణి. కళాపూర్ణుడు పూర్వజన్మలో మణికంధరుడు. తొలి ఆశ్వాసంలో ఆ పేరు చెంత నిలిచినవారే ఆ కథలో పాత్రలై పుట్టారన్నమాట.

ఇక్కడే సూరన తన కాలపు ఇతర ప్రబంధకవుల నుంచి విడిపోతాడు. రామాయణం విన్న శ్రోత విన్న తర్వాత కూడా శ్రోతగానే ఉంటాడు, పుణ్యం మాత్రం కలుగుతుంది. కళాపూర్ణుడి కథ తెలిసినవాడు కథకు బయట నిలబడలేడు. తెలుసుకోవడం అతని జన్మనే మారుస్తుంది. కనుక రంభ మౌనాన్ని ముచ్చటగా ఊరించడంగా చూస్తే సరిపోదు. తెలియడం వల్ల ఏదో జరుగుతుందన్న భయం అందులో ఉంది.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రచురించిన ‘కవిత్వతత్త్వ విచారము’ ఈ కావ్యాన్ని ఆధునిక విమర్శ దృష్టికి తెచ్చింది. సూరన భావనాశక్తిని ఆయన ఎంతగానో మెచ్చుకున్నారు. ఆ తర్వాతి విమర్శకులు కథాసంవిధానాన్ని గడియారపు చక్రాలలా విడదీసి చూపారు. ఆ విశ్లేషణల విలువ తక్కువేమీ కాదు. అయితే విడదీసిన గడియారం కాలం చూపదు. వరుసలో చదివే పాఠకుడికి ఏ క్షణంలో ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్న దృష్టితో కళాపూర్ణోదయాన్ని పరిశీలించే పని ఇంకా జరగవలసే ఉంది.

భేతాళుడి నియమం, గోపబాలుడి షరతు

రంభ నియమానికి సరిగ్గా ఎదురైనది భేతాళుడి నియమం. తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, చెబితే మౌనం భగ్నమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. రెంటిలోనూ జ్ఞానానికి వెల ఉంది, చెల్లించే చోట్లు వేరు. మన పల్లెల్లో శాత్రం చెప్పేవారి దగ్గర ఇంత కఠినమైన నియమాలు లేకపోయినా ఒకటి మాత్రం ఉంది: వినేవారు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. కథ ముందుకు సాగడానికి శ్రోత ఏదో ఒకటి చేయాలన్న సూత్రం వీడియో గేమ్‌తో పుట్టింది కాదు.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 12 సంపుటాల కాశీమజిలీ కథల్లో ఈ సూత్రం ఒప్పందంగా మారింది. మణిసిద్ధుడితో కాశీకి బయలుదేరే గోపబాలుడు, దారిలో తాను చూసిన వింతల వెనుక ఉన్న కథ చెప్పాలన్న షరతుపైనే వెంట వస్తాడు. ప్రతి మజిలీలోనూ వింత ముందు, వివరణ తర్వాత. గురువు చేతిలో మణి ఉంది, ఆయనకు అన్నీ తెలుసు. అయినా బాలుడు వింతను కళ్లారా చూసి అడిగేదాకా చెప్పడు. నడక, చూపు, ప్రశ్న, ఆ తర్వాతే కథ. అద్భుత ప్రయాణ కథనానికి ఇంతకంటే స్పష్టమైన వ్యాకరణం ఆ కాలపు వచనంలో నాకు కనబడలేదు.

‘ఇంకా ఉంది’

20వ శతాబ్దంలో రహస్యం కాపాడే పని సంస్థల చేతికి వచ్చింది. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామను ప్రారంభించారు. 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం అందులో తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికలు రాశారు. చిత్ర వేసిన బొమ్మలు లేకుండా ఆ కథలను ఊహించుకోవడం కష్టం. రచయిత పేరు అచ్చయ్యేది కాదు. ప్రతి భాగం మొదట్లో గత నెల కథ నాలుగు వాక్యాల్లో ఉండేది, చివర ‘ఇంకా ఉంది’. ఆ రెండు పొట్టి మాటలు ఒక నెల పొడవు. ఆ నెలలో పిల్లలు చేసిన పనిని చరిత్ర ఎక్కడా నమోదు చేయలేదు. బడిదారిలో, అరుగులపై తర్వాత ఏమవుతుందో వాదించుకున్నారు. జవాబు ఎవరి దగ్గరా లేదు, కాబట్టి ఎవరి ఊహా తప్పు కాదు.

అదే నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ 1951 మార్చి 15న పాతాళభైరవిని విడుదల చేసింది. కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. కథకు కాశీమజిలీ కథలు ఒక మూలం. ఈ చిత్రంలో మన విషయానికి ఎంతో ఉపయోగపడే ఘట్టం ఒకటుంది. నేపాళ మాంత్రికుడు తోట రాముడిని గుహలోకి తీసుకువెళ్తాడు. ఏం చేయాలో చెబుతాడు, ఎందుకో చెప్పడు. చివరికి తనను బలి ఇవ్వబోతున్నాడన్న సంగతి రాముడికి తెలియదు. అతడు చంపిన మొసలి శాపవిముక్తి పొంది ఆ రహస్యం చెబుతుంది. రాముడు బతుకుతాడు, మాంత్రికుడే బలి అవుతాడు. నేటి పరిభాషలో చెప్పాలంటే మొసలి చెప్పినది స్పాయిలరే. అయితే అది ఉచితంగా దొరికినది కాదు. నీటిలోకి దిగి, మొసలితో పోరాడి గెలిస్తేనే ఆ మాట దక్కింది. సంపాదించిన రహస్యానికీ ఊరికే చేతికందిన రహస్యానికీ ఉన్న తేడాను ఆ ఘట్టం ఎంత తేలికగా చెప్పిందో చూడండి.

తెర బయట ఆ తేడాను నిలబెట్టినది పాటల పుస్తకం. సినిమాహాలు దగ్గర అమ్మే ఆ పలుచని పుస్తకంలో పాటలతో పాటు కథాసంగ్రహం ఉండేది. కథ చిక్కుముడి పడేదాకా చెప్పి, కొన్ని ప్రశ్నలు వేసి, మిగతాది వెండితెరపై చూడమని ఆగిపోవడం ఆ సంగ్రహాల అలవాటు. అందులో వ్యాపారం ఉంది, కాదనలేం. అయినా ఎక్కడ ఆగాలో తెలిసిన సంగ్రహ రచన తెలుగులో ఉందంటే దాన్ని రాసినది ఆ పేరులేని రచయితలే. విశ్వవిద్యాలయాల్లో ఆ ప్రక్రియపై పరిశోధన జరగాలి. పాత పుస్తకాల దుకాణాల్లో అవి ఏటేటా తగ్గిపోతున్నాయి.

ఆటగాడి వ్రతం

ఇప్పుడు తిరిగి ఆటకు వద్దాం. సూరన కాలంలో దాచినవాడు కవి, చందమామలో సంపాదకుడు, పాతాళభైరవి నాటికి నిర్మాత. శ్రోతకు, పాఠకుడికి, ప్రేక్షకుడికి వేరే మార్గం లేదు కాబట్టి ఎదురుచూశారు. ఎల్డెన్ రింగ్ ఆడేవారికి ఆ నిర్బంధం లేదు. ఏ పెట్టెలో ఏముందో, ఏ తలుపు వెనుక ఎవరున్నారో ఒక్క వెతుకులాటతో తెలిసిపోతుంది. కనుక తెలియకుండా ఉండడం తొలిసారిగా ఆటగాడి వ్రతమైంది. ఆటను తయారు చేసినవారు సహాయాన్ని పూర్తిగా నిషేధించలేదన్నది కూడా గమనార్హం. ఈ ఆటలో ఇతర ఆటగాళ్లు నేలపై వదిలిన చిన్న సందేశాలు కనిపిస్తాయి. కొన్ని నిజం, కొన్ని మనల్ని లోయలోకి దూకించే అబద్ధాలు. మొసలి మాటో మాంత్రికుడి మాటో మనమే తేల్చుకోవాలి. దర్శకుడు హిడెటాకా మియాజాకి చిన్నతనంలో తన స్థాయికి మించిన పుస్తకాలు చదివి, అర్థంకాని చోట్లను ఊహతో నింపుకునేవాడినని ముఖాముఖిలో చెప్పారు. చందమామ నెలల మధ్య మన పిల్లలు చేసినదీ దాదాపు అదే.

లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ ప్రయోగం ఇక్కడ వర్తించకపోవడానికి కారణం కూడా సూరన దగ్గరే దొరుకుతుంది. ముగింపు తెలిసిన పాఠకుడు కథను మార్చలేడు. గని సంగతి తెలిస్తే నేను ఆ పెట్టె తెరిచేవాణ్ని కాదు, లేదా బలం పెంచుకుని వచ్చి తెరిచేవాణ్ని. రెండు సందర్భాల్లోనూ అది వేరే ఆట, ఆడేవాడు వేరే మనిషి. తెలియడం తెలిసినవాణ్ని మారుస్తుందన్న కళాపూర్ణోదయపు నియమం ఇక్కడ అక్షరాలా అమలవుతుంది. అన్ని ఆటలనూ ఇలాగే ఆడాలని నేను అనను. కొన్ని చోట్ల ఈ వ్రతం మొండితనమే అవుతుంది. రోజంతా పనిచేసి వచ్చి గంటసేపు ఆడుకునేవారు దారి వెతుక్కోవడానికి ఫోన్ తెరిస్తే తప్పేముంది?

తరగతి గదిలో

ఆట సంగతి అలా ఉంచి, మన సంగతి చూద్దాం. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో కళాపూర్ణోదయం నాకు ఒక పట్టికగా పరిచయమైంది. ఎడమవైపు పూర్వజన్మ, కుడివైపు ప్రస్తుత జన్మ, మధ్యలో గీత. పరీక్షలో దానికి మార్కులు బాగానే వచ్చాయి. తర్వాత పీహెచ్.డి. కాలంలో మూలం తెరిచినప్పుడు, ఉయ్యాల ఊగే అమ్మాయి కనబడగానే ఆమె ఎవరిగా పుడుతుందో మనసులో మెదిలింది. రంభ మౌనం నాపై పనిచేయలేదు. ఆ కావ్యాన్ని తొలిసారి చదివే అవకాశం నాకు ఇక రాదు. ప్రఖ్యాత ఇతివృత్తానికి కథాసంగ్రహం ముందు చెప్పడం వల్ల నష్టం లేదు. ఉత్పాద్యానికి కూడా అదే పద్ధతి వాడడం, కవి అష్టకష్టాలు పడి దాచినదాన్ని మొదటి పుటలోనే బయటపెట్టడం. మన పీఠికలు, గైడ్లు, కొన్నిసార్లు మన పాఠాలు ఆ పని చేస్తున్నాయి. పాటల పుస్తకం రాసినవారు పాటించిన మర్యాదను మనం పాటించడం లేదు.

ఆ వేసవి తర్వాత, పాఠ్యప్రణాళికతో సంబంధం లేకుండా, మా కళాశాలలో వారానికొక సాయంత్రం కళాపూర్ణోదయం చదవడం మొదలుపెట్టాను. వచ్చేవారు పదిమందిలోపే, తాండూరు, వికారాబాద్, కోట్‌పల్లి వైపు నుంచి బస్సుల్లో వచ్చే డిగ్రీ విద్యార్థులు. పద్యం చదువుతాను, అన్వయం చెబుతాను, ముందు ఏమవుతుందో చెప్పను. మొదటి వారం ఇద్దరు విసుగుపడి మానేశారు. కథ తెలియకుండా పద్యాలు ఎక్కవని వారి ఫిర్యాదు. అందులో కొంత నిజం ఉంది. సూరన భాష సులువైనది కాదు.

మూడో వారం రంభ మాట దగ్గర ఆగినప్పుడు కోట్‌పల్లి నుంచి వచ్చే అమ్మాయి అడిగింది: “సార్, మరి గా కళాపూర్ణుడు ఎవ్వరు?” తర్వాత వస్తుందన్నాను. వెనుక వరుసలో ఒకతను అప్పటికే ఫోన్‌లో చూసినట్టున్నాడు; నవ్వుతూ చెప్పడానికి నోరు తెరిచాడు. మిగిలినవారంతా ఒక్కసారిగా అతని వైపు తిరిగారు. “అరే, చెప్పకురా!” అన్నారు.